తలగాయం తర్వాత మందగించే జ్ఞాపకం, ధ్యాస: డిప్రెషన్ మందుల పాత్ర

తలకు గట్టి దెబ్బ తగిలి మెదడు గాయపడినవారిలో చాలామందికి, పైగాయం మానిపోయాక కూడా జ్ఞాపకం, ధ్యాస, ఆలోచనా వేగం, పనిని వరసగా చేసుకుపోయే నేర్పు పాత స్థాయికి రావు. ఈ లోటు తీర్చడానికి డిప్రెషన్ కోసం పుట్టిన మందులు పనికొస్తాయా అని నరాల వైద్యులు, మానసిక వైద్యులు కొన్ని దశాబ్దాలుగా పరీక్షిస్తున్నారు. ఇప్పటివరకు తేలింది ఇది: గాయం తర్వాత వచ్చే కుంగుబాటుకు ఈ మందులను వాడటానికి కారణాలున్నాయి. కుంగుబాటు లేని మనిషికి కేవలం జ్ఞాపకశక్తి పెరగాలని ఇవ్వడానికి మాత్రం తగిన ఆధారం లేదు. ఈ రెండు మాటల మధ్య తేడా రోగికీ ఇంట్లోవాళ్లకూ తెలిస్తే ఎన్నో నెలల వృథా ఎదురుచూపు తప్పుతుంది.

గాయం చేసే పని

చిన్న ఊళ్లో కిరాణా కొట్టు నడిపే ఒక మనిషిని ఊహించుకోండి. బైక్ మీంచి పడ్డాడు, వారం రోజులు ఐసీయూలో ఉన్నాడు, నెల తిరిగేసరికి ఇంటికొచ్చాడు. నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, అందరినీ గుర్తుపడుతున్నాడు. మళ్లీ తీసిన స్కాన్‌లో రక్తపు గడ్డ కరిగిపోయిందన్నారు. కొట్లో కూర్చున్నాక సంగతి బయటపడింది. సరుకుల చీటీలో నాలుగో వస్తువు తూచేసరికి మొదటిది కట్టాడో లేదో గుర్తుండదు. ఇద్దరు ఒకేసారి అడిగితే చేతులు ఆగిపోతాయి. రాత్రి గల్లాపెట్టె లెక్క మూడుసార్లు చూసినా మూడు మొత్తాలు వస్తాయి. "మనిషైతే దక్కాడు గానీ ఇదివరకటి మనిషి కాడు" అంటారు ఇంట్లోవాళ్లు. తలగాయం రోగుల ఇళ్లలో తరచూ వినిపించే మాటే ఇది.

గాయం తీవ్రతను తొలి గంటల్లో గ్లాస్గో కోమా స్కేలుతో కొలుస్తారు. గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు 1974లో దీన్ని రూపొందించారు. కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తారు. 13 నుంచి 15 వస్తే స్వల్పం, 9 నుంచి 12 అయితే మధ్యస్థం, 8 అంతకంటే తక్కువైతే తీవ్రం. ఈ మార్కు ప్రాణాపాయాన్ని అంచనా వేయడానికి బాగా ఉపయోగపడుతుంది. ఆర్నెల్ల తర్వాత మనిషి లెక్కలు సరిగ్గా చేయగలడా అన్నది మాత్రం దీనితో పూర్తిగా తెలియదు.

వేగంగా వెళ్తున్న తల ఒక్కసారిగా ఆగితే లోపల మెదడు ముందుకూ వెనక్కూ ఊగి, మెలితిరుగుతుంది. నుదుటి వెనకున్న భాగం, కణతల దగ్గరి భాగం పుర్రె లోపలి గరుకు ఎముకకు రాసుకుని కమిలిపోతాయి. మెదడు లోతుల్లో ఒక చోటి నుంచి మరో చోటికి సంకేతాలు మోసే పొడవాటి నరపు తంతువులు సాగి దెబ్బతింటాయి. వీటిలో చాలా దెబ్బలు మామూలు సీటీ స్కాన్‌కు అందవు. స్కాన్ బాగుందన్న మాటకూ మనిషి బాగున్నాడన్న మాటకూ మధ్య దూరం ఇక్కడే మొదలవుతుంది.

తెగిన తంతువుల్లో కొన్ని మెదడు కాండం నుంచి పైకి పాకి మెదడంతటా విస్తరించేవి. సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్, డోపమిన్ అనే రసాయనాలను వెదజల్లేవి ఇవే. మనసు నిలకడ, మెలకువ, ధ్యాస, ఉత్సాహం వీటి మీద ఆధారపడతాయి. డిప్రెషన్ మందులు పనిచేసేదీ ఈ రసాయనాల మీదే. అందుకే శాస్త్రజ్ఞుల చూపు సహజంగా ఆ మందుల వైపు మళ్లింది.

కుంగుబాటు, మతిమరుపు కలగలిసిన చోటు

అమెరికాలో ఆసుపత్రిలో చేరిన 559 మంది తలగాయం రోగులను ఏడాది పాటు గమనించిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. వారిలో 53 శాతం మందికి ఆ ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు పూర్తిస్థాయి డిప్రెషన్ కనిపించింది. అలా కనిపించినవారిలో మందు గానీ కౌన్సెలింగ్ గానీ అందింది సగం మందికి కూడా కాదు. ప్రాణం నిలబెట్టడానికి అంత శ్రమపడే వైద్య వ్యవస్థ, ఆ తర్వాతి ఏడాదిలో రోగి మనసు సంగతి ఇంతగా వదిలేయడం బాధ కలిగించే విషయం.

తల పగలకపోయినా డిప్రెషన్ ఒక్కటే ధ్యాసను తినేస్తుంది, ఆలోచనను నెమ్మదింపజేస్తుంది, గుర్తుపెట్టుకునే ఓపికను లాగేస్తుంది. మెదడు గాయమూ అవే పనులు చేస్తుంది. కిరాణా కొట్టు మనిషి చీటీలో వస్తువు మర్చిపోయినప్పుడు, తంతువు తెగినందుకు ఎంత వాటా, నిరాశకు ఎంత వాటా అని విడదీయడం అనుభవజ్ఞులకూ కష్టమే. పైగా లోపం తెలిసేకొద్దీ కుంగుబాటు పెరుగుతుంది, కుంగుబాటు పెరిగేకొద్దీ లోపం ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. నుదుటి భాగం దెబ్బతిన్నవారిలో కొందరు రోజంతా కదలకుండా కూర్చుంటారు, ఏదీ అడగరు, ఏదీ కావాలనరు. దీన్ని కుంగుబాటనుకుంటారు. కానీ వారికి దుఃఖం ఉండదు, ఏడుపు రాదు, అపరాధ భావన ఉండదు. ఉన్నది నిరాసక్తత మాత్రమే. అది వేరే స్థితి. సెరటోనిన్ మందులు దీన్ని తగ్గించకపోగా కొందరిలో మరింత మొద్దుబారేలా చేస్తాయి.

ఆశ ఎక్కడి నుంచి పుట్టింది

డిప్రెషన్ మందుల చరిత్ర అనుకోని మలుపుతో మొదలైంది. 1952లో న్యూయార్క్ నగరం స్టేటెన్ ఐలండ్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియజిడ్ అనే మందు ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల సంగతి అలా ఉంచితే, మంచాన పడ్డవారు హుషారెక్కి వార్డులో చిందులేశారు. 1957 నాటికి ఈ మందునే డిప్రెషన్‌కు వాడటం మొదలైంది. దాదాపు అదే సమయంలో స్విట్జర్లండ్‌లో రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ గుణాన్ని గుర్తించాడు. 1987 చివర్లో అమెరికాలో ఫ్లూఆక్సెటిన్‌కు అనుమతి దొరికింది. సెరటోనిన్ మీద ఎంపికగా పనిచేసే ఈ తరగతిలోనే తర్వాత సెర్ట్రలిన్, సిటాలోప్రామ్, ఎస్సిటాలోప్రామ్ వచ్చాయి. మన మందుల షాపుల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఇవే.

ఈ మందు మింగిన కొన్ని గంటల్లోనే మెదడులో సెరటోనిన్ పెరుగుతుంది. మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ ఆలస్యం ఎందుకన్న ప్రశ్న నుంచే కొత్త ఆలోచన పుట్టింది. జ్ఞాపకాలు నిలిపే హిప్పోక్యాంపస్‌లో ఈ మందుల వల్ల కొత్త నరకణాలు పుడతాయని ఎలుకల్లో తేలింది. ఆ కణాల పుట్టుకను ఎక్స్‌రే కిరణాలతో అడ్డుకుంటే మందు ప్రభావం కూడా పోతుందని 2003లో ఒక ప్రయోగం చూపింది. నరకణాల ఎదుగుదలకు ఎరువులా పనిచేసే బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ కూడా ఈ మందులతో పెరుగుతుంది. కొత్త కణాలు పుట్టి, పాత కణాల మధ్య కొత్త అతుకులు పడుతుంటే, గాయపడిన మెదడుకు అంతకంటే కావలసిందేముంది అనిపించడం సహజం.

ఈ ఆశకు మొదటి హెచ్చరిక కూడా ఎలుకల నుంచే వచ్చింది. 2011లో రెండు ప్రయోగాలు వెలువడ్డాయి. తలగాయమైన ఎలుకలకు ఇమిప్రమిన్ ఇస్తే కొత్త కణాలు పెరిగాయి, జ్ఞాపక పరీక్షలోనూ అవి మెరుగుపడ్డాయి. ఫ్లూఆక్సెటిన్ ఇచ్చిన ఎలుకల్లోనూ కొత్త కణాలు పెరిగాయి, కానీ వాటి పనితీరు మాత్రం మెరుగుపడలేదు. కణం పుట్టడం ఒక ఎత్తు, అది సరైన చోట అతుక్కుని పనిలోకి దిగడం మరో ఎత్తు.

మనుషుల మీద పరీక్షలు

ముందు, మెరుగుదలను ఎలా కొలుస్తారో కొంచెం దగ్గర నుంచి చూద్దాం. పరీక్ష చేసే వ్యక్తి ఎదురుగా కూర్చుని సెకనుకు ఒక్కటి చొప్పున అంకెలు చదువుతారు: ఐదు, ఎనిమిది, రెండు, తొమ్మిది. రోగి వాటిని తిరిగి చెప్పాలి. ఆ తర్వాత వెనక నుంచి ముందుకు చెప్పాలి: తొమ్మిది, రెండు, ఎనిమిది, ఐదు. వెనక్కి చెప్పాలంటే అంకెలను మనసులో పట్టుకుని ఉండాలి, అదే సమయంలో తిప్పాలి. కొట్లో సరుకు తూస్తూ లెక్క గుర్తుపెట్టుకోవడం సరిగ్గా ఈ పనే. మరో పరీక్షలో 1 నుంచి 9 వరకు ఒక్కో అంకెకు ఒక్కో గుర్తు ఉంటుంది. కింద వరసగా ఉన్న అంకెల కింద, పైన చూసుకుంటూ సరైన గుర్తు గీసుకుపోవాలి. తొంభై సెకన్లలో ఎన్ని గీశారన్నదే మార్కు. తలగాయం రోగి తప్పులు పెద్దగా చేయడు, కానీ పెన్సిలు నెమ్మదిగా కదులుతుంది. అంకె చూసి, పైకి చూసి, మళ్లీ కిందికి వచ్చేసరికి ఏ గుర్తో మర్చిపోయి తిరిగి పైకి చూస్తాడు.

ఈ పరీక్షలకు ఒక బలహీనత ఉంది. రెండోసారి రాసేవారికి అలవాటు వల్లే కొన్ని మార్కులు పెరుగుతాయి. పైగా గాయం తర్వాత మొదటి ఆర్నెల్లు, ఏడాదిలో మెదడు తనంతట తానే కొంత కోలుకుంటుంది. కాబట్టి మందు ఇవ్వని జట్టు పక్కన లేకుండా చేసిన ఏ అధ్యయనంలోనైనా ఫలితం బాగున్నట్టే కనిపిస్తుంది.

2001లో వచ్చిన మొదటి మంచి వార్త ఇలాంటిదే. స్వల్ప తలగాయం తర్వాత డిప్రెషన్ వచ్చిన 15 మందికి ఎనిమిది వారాలు సెర్ట్రలిన్ ఇచ్చారు. మనసు తేలికపడింది, ఆలోచనా వేగం, జ్ఞాపకం మెరుగుపడ్డాయి. అందరికీ మందే ఇచ్చారు గనుక ఆ మెరుగుదలలో మందు వాటా ఎంతో విడదీయడం కుదరలేదు. అదే ఏడాది వెలువడిన మరో పరీక్షలో, తీవ్రంగా గాయపడిన 11 మందిలో మెలకువ పెంచడానికి సెర్ట్రలిన్ ఇచ్చి చూస్తే, మందు లేని ఉత్తి మాత్ర (ప్లాసిబో) వేసుకున్నవారికీ వీరికీ తేడా కనిపించలేదు.

2005లో కొరియాలో జరిగిన ఒక చిన్న పరీక్ష నా దృష్టిలో చాలా విలువైనది. 30 మందిని మూడు జట్లుగా చేసి ఒక జట్టుకు మెదడును చురుకుపరిచే మెథైల్‌ఫెనిడేట్, ఒక జట్టుకు సెర్ట్రలిన్, మరో జట్టుకు ఉత్తి మాత్ర నాలుగు వారాలు ఇచ్చారు. మొదటి రెండు మందులూ కుంగుబాటును తగ్గించాయి. ధ్యాస, చురుకుదనం మాత్రం మెథైల్‌ఫెనిడేట్ వేసుకున్నవారిలోనే పెరిగాయి. సెర్ట్రలిన్ మనసును తేలిక చేసింది, బుద్ధిని చురుకు చేయలేదు. జట్టుకు పది మందే అయినా, రెండు పనులనూ విడివిడిగా చూపించిన పరీక్ష ఇది.

ఆ తర్వాత కాస్త పెద్ద పరీక్షలు వచ్చాయి. మధ్యస్థ, తీవ్ర గాయమైన 99 మందికి గాయమైన కొద్ది వారాలకే రోజుకు 50 మిల్లీగ్రాముల సెర్ట్రలిన్ గానీ ఉత్తి మాత్ర గానీ మూడు నెలలు ఇచ్చి ఏడాది పాటు గమనించారు. 2010లో వెలువడిన ఫలితాల్లో జ్ఞాపకం, ధ్యాసల్లో మందు వల్ల లాభం కనిపించలేదు. 2016లో 94 మందితో జరిగిన మరో పరీక్షలో ఇంకా డిప్రెషన్ రానివారికి 24 వారాలు ముందుగానే సెర్ట్రలిన్ ఇచ్చారు. కొత్తగా కుంగుబాటు వచ్చినవారు స్పష్టంగా తగ్గారు. దాదాపు ఆరుగురికి మందు ఇస్తే ఒకరికి డిప్రెషన్ తప్పినట్టు లెక్క తేలింది. మేధో పరీక్షల మార్కులు మాత్రం రెండు జట్లలోనూ ఒకేలా సాగాయి.

ఇక్కడ నిజాయతీగా ఇంకో మాట చెప్పాలి. ఇప్పటికే డిప్రెషన్ వచ్చిన తలగాయం రోగుల్లో సెర్ట్రలిన్‌ను ఉత్తి మాత్రతో పోల్చిన రెండు పరీక్షల్లో, 2009లో 52 మందితోనూ 2017లో 62 మందితోనూ, రెండు జట్లూ మెరుగుపడ్డాయి గానీ వాటి మధ్య గట్టి తేడా రాలేదు. అంటే డిప్రెషన్ విషయంలోనూ ఈ మందులు మంత్రదండాలు కావు. క్రమం తప్పకుండా పలకరించి, కూర్చోబెట్టి వినడం వల్లే ఉత్తి మాత్ర జట్టు కూడా మెరుగుపడి ఉండవచ్చన్నది నా అభిప్రాయం.

తలగాయం తర్వాత దీర్ఘకాలం మిగిలే మేధో లోపాలకు మందుల మీద వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2015లో ప్రచురించిన సమీక్షలో నాలుగే పరీక్షలు అర్హత పొందాయి. ఏ మందునైనా సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవని ఆ సమీక్ష తేల్చింది. ఆ నాలుగు పరీక్షల్లో వాడిన మందుల్లో సెరటోనిన్ తరగతి డిప్రెషన్ మందు ఒక్కటి కూడా లేకపోవడం గమనించదగ్గది.

వోర్టియాక్సెటిన్ అనే కొత్త మందు గురించి రోగులు అడుగుతుంటారు. డిప్రెషన్ రోగుల్లో, పైన చెప్పిన అంకెలు–గుర్తుల పరీక్ష మార్కులను ఇది పెంచుతుందని పెద్ద పరీక్షలు చూపాయి. ఆ రోగులు తలగాయం రోగులు కారు. ఒకరి ఫలితాన్ని మరొకరికి అతికించడం తొందరపాటు.

పక్షవాతం నేర్పిన పాఠం

తలగాయం పక్కింట్లో ఉన్నట్టుండే జబ్బు పక్షవాతం. అక్కడ ఇదే కథ పెద్ద ఎత్తున నడిచింది. 2010లో 129 మందితో చేసిన పరీక్షలో ఎస్సిటాలోప్రామ్ వేసుకున్నవారి జ్ఞాపకం మెరుగ్గా ఉందన్నారు. 2011లో ఫ్రాన్స్‌లో 118 మందితో జరిగిన ఫ్లేమ్ పరీక్షలో ఫ్లూఆక్సెటిన్ వల్ల చచ్చుబడిన చేతులూ కాళ్లూ బాగా తిరిగి వచ్చాయన్నారు. ఎన్నో దేశాల్లో వైద్యులు పక్షవాతం రోగులకు ఈ మాత్ర రాయడం మొదలుపెట్టారు. అప్పుడు బ్రిటన్‌లో 3,127 మందితో ఫోకస్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, వియత్నాంలలో 1,280 మందితో అఫినిటీ, స్వీడన్‌లో 1,500 మందితో ఎఫెక్ట్స్ అనే పరీక్షలు జరిగాయి. 2018, 2020లలో ఫలితాలు వచ్చాయి. సుమారు 5,900 మందిలో ఆర్నెల్ల తర్వాత రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యంలో మందు వల్ల ఏ తేడా లేదు. ఫోకస్‌లో కొత్తగా డిప్రెషన్ వచ్చినవారు తగ్గారు, ఎముకలు విరిగినవారు మాత్రం 1.47 శాతం నుంచి 2.88 శాతానికి పెరిగారు. వందమందితో మెరిసిన ఆశ వేలమంది దగ్గర నిలవలేదు. తలగాయంలో అంత పెద్ద పరీక్ష ఇంకా జరగనే లేదు.

మాత్ర వెంట వచ్చేవి

డిప్రెషన్ మందుల్లో పాత తరానికి చెందిన అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్‌లను తలనొప్పికో నిద్రకో ఇప్పటికీ రాస్తుంటారు. జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్‌ను ఇవి అడ్డుకుంటాయి. మతిమరుపుతో బాధపడే మనిషికి మతిమరుపు పెంచే మాత్ర ఇచ్చినట్టవుతుంది. తీవ్ర తలగాయం తర్వాత ఫిట్స్ ముప్పును కూడా ఇవి పెంచగలవు. మరో డిప్రెషన్ మందు బుప్రోపియాన్‌తోనూ ఫిట్స్ భయం ఉంది. సెరటోనిన్ మాత్రలు ఈ విషయంలో కొంత మేలు గానీ, వాటికీ తమ ఇబ్బందులున్నాయి. రక్తంలో సోడియం పడిపోయి, ముఖ్యంగా పెద్దవయసువారిలో, తికమక రావచ్చు. ఆస్పిరిన్ లాంటివాటితో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నొప్పికి వాడే ట్రమడాల్‌తో కలిస్తే సెరటోనిన్ హద్దు మీరి ఒళ్లు వణుకు, జ్వరం, ఆందోళన రావచ్చు. పాతికేళ్ల లోపువారిలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక తప్పనిసరి చేసింది. రోడ్డు ప్రమాదాల్లో తల పగిలేవారిలో యువకులే ఎక్కువ గనుక ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

ఒక మందు చేర్చడం కంటే ఒక మందు తీసేయడం వల్ల బుద్ధి తేటపడే సందర్భాలు తక్కువేమీ కాదు. తీవ్ర తలగాయం తర్వాత ఫినైటోయిన్ ఫిట్స్‌ను ఆపేది మొదటి వారం మాత్రమేనని 404 మందితో చేసిన అధ్యయనం 1990లోనే చూపింది. ఆ తర్వాత అది అదే పనిగా కొనసాగితే ఆలోచన మందగిస్తుందని కూడా తేలింది. అయినా ఒక్కసారి కూడా ఫిట్స్ రానివారు ఏళ్ల తరబడి అదే చీటీతో అదే మాత్ర కొనుక్కోవడం మామూలే. ఫిట్స్ మాత్రలను సొంతంగా ఆపడం మాత్రం ప్రాణం మీదికి తేవచ్చు. అడిగి, వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి. మనదేశంలో తలగాయం రోగులకు విరివిగా రాసే సిటికోలిన్ సంగతీ చెప్పుకోవాలి. 1,213 మందితో అమెరికాలో జరిపిన కోబ్రిట్ పరీక్షలో ఉత్తి మాత్రను మించిన ఫలితం రాలేదని 2012లో ప్రకటించారు. మందుల ఖర్చు జేబులోంచే పెట్టుకునే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

మన దగ్గర

2022లో భారతదేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. మరణించినవారిలో 44 శాతానికి పైగా బైకులూ స్కూటర్ల మీద వెళ్తున్నవారే. బతికి బయటపడ్డవారి జ్ఞాపకం, ధ్యాస ఎలా ఉన్నాయో ఏ నివేదికలోనూ అంకెగా కనిపించదు. తెలుగువారికి ఒక మేలు జరిగింది. మతిమరుపు జబ్బుల కోసం జ్ఞాపకం, ధ్యాస కొలిచే అడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగుకు అనువుగా మార్చి హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో వాడారు. రోగిని అతని భాషలో పరీక్షించకపోతే వచ్చే మార్కు అతని మెదడును కాక అతని ఇంగ్లీషును కొలుస్తుంది.

అసలు చికిత్సలో పెద్ద వాటా సాధనదే. ఫోన్‌లో అలారం, గోడ మీద పనుల పట్టిక, ఒకసారికి ఒకే పని, పగలు వ్యాయామం, రాత్రి నిద్ర: కొట్టు మనిషిని మళ్లీ కొట్లో కూర్చోబెట్టేవి ఇవే. సరుకు కట్టగానే చీటీలో దాని ఎదుట టిక్ పెట్టడం నేర్పితే అతని సగం తడబాటు తగ్గుతుంది. కుంగుబాటు ఉంటే దానికి చికిత్స తప్పకుండా జరగాలి, ఎందుకంటే కుంగిన మనిషి ఆ టిక్ పెట్టడానికి కూడా చెయ్యి ఎత్తడు. డిప్రెషన్ మాత్ర చేయగల మేలు ప్రధానంగా ఇక్కడే ఉంది.

తలగాయం తర్వాత వచ్చే మతిమరుపుకు, ధ్యాసలోపానికి అని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు ఇప్పటికీ ఒక్కటీ లేదు. కాబట్టి మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే, ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అతను మింగుతున్న ప్రతి మాత్ర స్ట్రిప్పునూ సంచిలో వేసుకెళ్లండి. ఒక్కొక్కటి చూపించి ఇది దేనికి, ఎన్నాళ్లు అని అడగండి. మనసు బాగోలేదని అతను అన్నా, అనకపోయినా మీకు అనిపించినా ఆ మాట డాక్టరుతో చెప్పండి. ఆసుపత్రి దూరమైతే ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.